సాంచాల హోరులో చెవికేమవుతుంది?

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. రేకుల కప్పు కింద వరుసగా సాంచాలు నడుస్తున్న షెడ్డులోకి కొత్తగా పనికి వచ్చిన కుర్రాడు ముందు రెండు చేతులతో చెవులు మూసుకుంటాడు. చేతులు చెవుల మీదే ఉంటే తెగిన పోగు అతికేదెవరు? దించేస్తాడు. షిఫ్టు దిగి ఇంటికి వెళ్తే చెవుల్లో గుయ్‌మని మోత. ఇంట్లోవాళ్ల మాటలు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు ఉంటాయి. తెల్లారేసరికి సర్దుకుంటుంది. కొన్ని నెలలు గడిచాక ఆ హోరు పెద్దగా బాధించదు. "మొదట్ల గట్లనే ఉంటది తమ్మీ, తర్వాత అలవాటైతది" అని పక్క సాంచాల మీది పెద్దాయన చెప్పిన మాట నిజమేననిపిస్తుంది.

చెవి విషయంలో ఆ మాట నిజం కాదు. పనిచేసే కొద్దీ అరచేతి చర్మం కాయలు కాస్తుంది, కండ గట్టిపడుతుంది. చెవికి అలా రాటుదేలే గుణం లేదు. హోరును పట్టించుకోకుండా ఉండడం మనసు నేర్చుకుంటుంది, అంతే. చెవి లోపలి కణాలు మాత్రం ప్రతి దెబ్బనూ తింటూనే ఉంటాయి. ఏళ్ల తర్వాత ఆ కుర్రాడు మధ్యవయసులోనే ముసలివాడిలా "ఏందీ? ఏమన్నవ్?" అని అడుగుతుంటే అందరూ వయసు మీదికి నెడతారు. అది వయసుతో వచ్చింది కాదు, పనిలో తగిలిన గాయం. రక్తం రాదు, నొప్పి ఉండదు, కట్టు కట్టరు కాబట్టి గాయమని ఎవరూ అనరు.

పనిచోట మోత వల్ల వచ్చే చెవుడుకు రెండు లక్షణాలున్నాయి. ఒకసారి వచ్చాక పోదు. కానీ రాకుండా పూర్తిగా ఆపవచ్చు.  పెద్దవాళ్లలో ఇబ్బంది పెట్టే స్థాయి వినికిడి లోపంలో దాదాపు 16 శాతానికి పనిచోటి మోతే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం వేసిన లెక్క చెబుతోంది.

చప్పుడు ఎక్కడ పుడుతుంది?

మామూలు మరమగ్గంలో పడుగు పోగుల మధ్యగా పేక పోగును మోసుకెళ్లేది షటిల్. రెండు కొసలకూ లోహపు ములుకులు బిగించిన బరువైన చెక్క ముక్క అది. పికింగ్ కర్ర ఒకటి దాన్ని ఒక పక్క నుంచి బలంగా కొడుతుంది. అది మగ్గం వెడల్పంతా దూసుకెళ్లి అవతలి పెట్టెలో ఢీకొని ఆగుతుంది. అక్కడ మరో కర్ర దాన్ని వెనక్కి కొడుతుంది. ఈ మధ్యలో దువ్వెన లాంటి పన్నె వచ్చి పేకను గుడ్డలోకి గుద్దుతుంది. ఇదంతా నిమిషానికి వంద సార్లకు పైగా జరుగుతుంది. అంటే ఒక్క సాంచా నిమిషానికి కొన్ని వందల దెబ్బలు కొడుతుంది. ఒక్కో కార్మికుడు చూసుకునేవి నాలుగో, ఆరో, ఎనిమిదో సాంచాలు. షెడ్డులో ఉన్నవి అంతకు ఎన్నో రెట్లు. పైన రేకులు, చుట్టూ గోడలు, కింద గచ్చు. చప్పుడును పీల్చుకునే మెత్తటి వస్తువంటూ ఏదీ ఉండదు కనుక అది అటూ ఇటూ తగిలి మళ్లీ చెవి దగ్గరికే వస్తుంది.

ఇలా షటిల్‌తో నడిచే మగ్గాల షెడ్లలో చప్పుడు మామూలుగా 90 డెసిబెల్స్ దాటుతుంది. 100 దగ్గరికి వెళ్లేవి కూడా ఉంటాయి. ఎదురుగా కూర్చుని మాట్లాడుకుంటే 60 డెసిబెల్స్. 60కీ 100కీ తేడా రెట్టింపు కూడా లేదు కదా అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. డెసిబెల్ మెట్లు కూడికతో ఎక్కవు, గుణకారంతో ఎక్కుతాయి. 10 పెరిగితే శబ్దశక్తి 10 రెట్లవుతుంది. 3 పెరిగితేనే రెండింతలవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ అంటే మామూలు మాట కన్నా 10 వేల రెట్ల శక్తి.

అందుకే ఎంత మోత అన్నదానితో పాటు ఎంతసేపు అన్నదీ చూడాలి. కార్మికుల ఆరోగ్యంపై పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. మోత 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఉండదగిన సమయం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే గంట, 97 అయితే అరగంట, 100 అయితే పావుగంట. ఇప్పుడు 97 డెసిబెల్స్ ఉన్న షెడ్డులో 12 గంటల షిఫ్టు చేసే మనిషి లెక్క చూడండి. అరగంటకు మించి ఉండకూడని చోట 12 గంటలు. ఒక్క షిఫ్టులో 24 రోజుల మోతను చెవి మోస్తోంది.

మూడున్నర సెంటీమీటర్ల లోపల

గాలిలో వచ్చిన శబ్దం కర్ణభేరిని కదిలిస్తుంది. దాని వెనక ఉన్న మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలి చెవికి అందిస్తాయి. అక్కడ రెండున్నర చుట్లు తిరిగిన ఎముక గొట్టం ఉంటుంది. దాని పేరు కర్ణావర్తం. చుట్టు విప్పితే పొడవు దాదాపు మూడున్నర సెంటీమీటర్లు. నిండా ద్రవం. దాని పొడవునా పరచుకున్న పొర మీద రోమకణాలు వరుసల్లో నిలబడి ఉంటాయి. లోపలి వరుసలో సుమారు 3,500, బయటి మూడు వరుసల్లో సుమారు 12 వేలు. కంటిలో మసక వెలుతురులో చూడగల కణాలే దాదాపు పది కోట్లు. చెవికి ప్రకృతి ఇచ్చిన పెట్టుబడి ఈ పదిహేను వేల చిల్లర కణాలే.

ఒక్కో కణం నెత్తిన కంటికి కనపడనంత సన్నని రోమాల కుచ్చు ఉంటుంది. ద్రవం కదిలితే కుచ్చు వంగుతుంది. వంగగానే కణంలో సూక్ష్మమైన ద్వారాలు తెరుచుకుని విద్యుత్ సంకేతం పుడుతుంది. మనం వినగలిగే అతి చిన్న సవ్వడికి ఆ రోమం కదిలేది నానోమీటరు కన్నా తక్కువ. లోపలి వరుస కణాలు కబురును మెదడుకు పంపుతాయి. బయటి వరుసలవి తామే సాగుతూ ముడుచుకుంటూ బలహీనమైన శబ్దాన్ని పెంచి, దగ్గరదగ్గరగా ఉన్న స్వరాలను విడదీసి చూపిస్తాయి. ఏ స్వరం ఎక్కడ వినపడాలన్నదానికీ ఏర్పాటుంది. గొట్టం మొదట్లో కీచు స్వరాలు, చివర్లో మంద్ర స్వరాలు. ఈ రహస్యాన్ని విప్పి చెప్పిన గియోర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంత సున్నితమైన యంత్రాంగం మీద గంటల తరబడి దెబ్బలు పడితే రోమాలు వాలిపోతాయి. ఓ మోస్తరు గాలికి ఒరిగిన వరి పైరు మర్నాటికి లేచి నిలబడుతుంది, గాలివానకు నేలకరిచిన చేను మాత్రం లేవదు. ఇదీ అంతే. షిఫ్టు దిగాక చెవి మొద్దుబారి, తెల్లారేసరికి తేరుకోవడం మొదటి దశ. రోజూ అదే జరుగుతుంటే రోమాలను కలిపి ఉంచే సన్నని తంతువులు తెగుతాయి. శక్తికి మించి పనిచేసిన కణంలో విషపూరితమైన ఆక్సిజన్ రూపాలు పేరుకుంటాయి. కణం చనిపోతుంది. మోత ఆగిన తర్వాత కూడా కొన్నాళ్ల పాటు ఈ చావులు కొనసాగుతాయి. పక్షుల్లో చనిపోయిన రోమకణాల స్థానంలో కొత్తవి పుడతాయని 1980లలో తేలింది. మనిషి చెవిలో అవి మళ్లీ పుట్టవు. పుట్టించే మందు ఇంకా రాలేదు.

తెల్లారేసరికి తేరుకుంది కదా, ఏమీ కాలేదులే అనే ధైర్యాన్ని కూడా 2009లో ఒక పరిశోధన దెబ్బతీసింది. షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ ఎలుకలకు కొద్దిసేపు పెద్ద మోత వినిపించారు. కొన్ని రోజుల్లో వాటి వినికిడి మళ్లీ మామూలు స్థాయికి వచ్చింది, రోమకణాలూ బతికే ఉన్నాయి. కానీ కీచు స్వరాలు వినే భాగంలో ఆ కణాలకూ నాడులకూ మధ్య ఉన్న సంధుల్లో సగం దాకా శాశ్వతంగా పోయాయి. పరీక్షలో అంతా బాగానే కనిపిస్తుంది, లోపల తీగలు తెగి ఉంటాయి. మనుషుల్లో కూడా ఇలాగే జరుగుతుందని, సందడిలో మాట అర్థం కాకపోవడానికి ఇదొక కారణం కావచ్చని శాస్త్రవేత్తలు అనుమానిస్తున్నారు.

పెద్ద చప్పుడు వస్తే మధ్య చెవిలోని ఒక చిన్న కండరం బిగుసుకుని ఎముకల కదలికను కాస్త తగ్గిస్తుంది. అయితే అది బిగుసుకోవడానికి క్షణంలో చిన్న భాగం పడుతుంది. షటిల్ దెబ్బ, సుత్తి దెబ్బ ఆలోగానే లోపలికి వెళ్లిపోతాయి. ఎడతెగని మోతలో కండరం అలసిపోతుంది కూడా. శరీరం ఇచ్చిన ఈ రక్షణ కార్ఖానా కోసం తయారైనది కాదు.

పాలు, చాలు, కాలు

ఈ చెవుడు ఒకేసారి రాదు, అన్ని స్వరాలకూ ఒకేలా రాదు. మొదటి దెబ్బ 4,000 హెర్ట్జ్ (సెకనుకు 4,000 కంపనాలు) దగ్గర పడుతుంది. బయటి చెవి గొట్టం తన ఆకారం వల్లే 3,000 హెర్ట్జ్ దగ్గరి శబ్దాలను పెంచి లోపలికి పంపుతుంది. ఆ దెబ్బ దానికి కాస్త పైనున్న స్వరాల కణాలకు తగులుతుంది. వినికిడి పరీక్ష గీతలో అక్కడ ఒక గుంట కనిపిస్తుంది. వయసుతో వచ్చే చెవుడులో గీత కీచు స్వరాల వైపు వాలుతూ పోతుంది. మోత వల్ల వచ్చినదైతే 4,000 దగ్గర పడిపోయి, 8,000 దగ్గర కాస్త లేస్తుంది. ఈ గుంటను గుర్తుపట్టగలిగితే పని వల్ల అయిన గాయాన్ని తొలిదశలోనే పట్టుకోవచ్చు.

మాటలోని అచ్చులు మంద్రంగా, బలంగా ఉంటాయి. స, చ, త, క, ప లాంటి హల్లులు బలహీనంగా, ఎక్కువగా పై స్వరాల్లో ఉంటాయి. కాబట్టి గొంతు వినపడుతుంది, మాట తెలియదు. పాలు అన్నారా, చాలు అన్నారా, కాలు అన్నారా? నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆ కార్మికుడు ఎదుటివాళ్ల పెదవులు చూసి ఊహించుకుంటాడు. పెళ్లి పందిట్లో, బస్టాండులో, ఫోన్‌లో ఆ ఊహ పనిచేయదు. చిన్నపిల్లల మాటలు ముందుగా అందకుండా పోతాయి.

దీనికి తోడు మరో చిక్కు. శబ్దాన్ని పెంచే బయటి కణాలు పోవడంతో మెల్లని మాట అసలు వినపడదు, గట్టి మాట భరించలేనట్టు ఉంటుంది. భార్య రెండుసార్లు మామూలుగా పిలిచి, మూడోసారి గొంతు పెంచితే "ఏందే, గట్ల మొత్తుకుంటున్నవ్?" అని కసురుకుంటాడు. తప్పు ఇద్దరిదీ కాదు. ఇంట్లో గొడవలకు, నలుగురిలో కలవకపోవడానికి, ఒంటరితనానికి ఇది దారి తీస్తుంది. రాత్రి అంతా నిశ్శబ్దమయ్యాక చెవుల్లో ఆగని హోరు నిద్ర పట్టనివ్వదు. నడివయసులో వచ్చే వినికిడి లోపం మతిమరుపు జబ్బు ముప్పును పెంచే కారణాల్లో ఒకటని లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2017 నుంచీ చెబుతోంది. వినికిడి యంత్రం శబ్దాన్ని పెంచుతుంది, చాలామందికి మేలు చేస్తుంది. పోయిన స్పష్టతను మాత్రం పూర్తిగా తిరిగి తేలేదు.

మూడు వందల ఏళ్లుగా తెలిసిన సంగతి

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన జబ్బు కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లో వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద పుస్తకం రాశారు. వెనిస్‌లో రోజంతా రాగిని సుత్తులతో సాగగొట్టే పనివాళ్లు చెవిటివాళ్లవుతున్నారని ఆ పుస్తకం 1713 నాటి కూర్పులో నమోదు చేశారు. రోగిని అడిగే ప్రశ్నలకు 'నువ్వు ఏం పని చేస్తావు?' అన్నదాన్ని చేర్చాలని వైద్యులకు చెప్పింది కూడా ఆయనే.

1886లో గ్లాస్గోలో థామస్ బార్ అనే చెవి వైద్యుడు జేబు గడియారాన్ని పరికరంగా పెట్టుకుని మూడు రకాల పనివాళ్లను పరీక్షించారు. వందమంది బాయిలర్లు చేసేవాళ్లు, వందమంది ఇనుము పోతపోసేవాళ్లు, వందమంది పోస్ట్‌మన్లు. గడియారం టిక్కుటిక్కు ఎంత దూరం నుంచి వినిపిస్తోందో కొలిచారు. బాయిలర్ పనివాళ్లలో మామూలు వినికిడి ఉన్నవాడు ఒక్కడూ లేడు.

మగ్గం విషయానికి వస్తే స్కాట్లాండ్‌లోని డండీ జూట్ నేతగాళ్ల మీద విలియం టేలర్ బృందం 1965లో ప్రచురించిన అధ్యయనం ముఖ్యమైనది. నేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. మగ్గాలు దశాబ్దాలుగా మారలేదు, మోత దాదాపు 100 డెసిబెల్స్. కనుక ఎన్నేళ్ల పనికి ఎంత వినికిడి పోతుందో తేల్చడం కుదిరింది. 4,000 హెర్ట్జ్ దగ్గర నష్టంలో ఎక్కువ భాగం మొదటి 10, 15 ఏళ్లలోనే జరిగిపోయింది. 20, 25 ఏళ్లు దాటాక మాటకు అత్యవసరమైన 2,000 హెర్ట్జ్ కూడా దెబ్బతింది. దీని అర్థం స్పష్టం. మనిషి తనకు చెవుడు వచ్చిందని గుర్తించే నాటికి గాయం పాతబడిపోయి ఉంటుంది. కాపాడుకోవలసింది పనిలో చేరిన తొలి ఏళ్లలో.

డండీలో తెలిసినది సిరిసిల్లకు, నగరికి, తెలుగు పద్మశాలీలు వలసవెళ్లి నేస్తున్న సోలాపూర్, భివండీలకు వర్తించకపోవడానికి కారణం లేదు. చెవి అందరికీ ఒక్కటే. మగ్గం ఒక్కటే కాదు. రైస్ మిల్లులో, గ్రానైట్ కోత యంత్రం దగ్గర, కంకర క్రషర్ దగ్గర, బొగ్గు గని డ్రిల్లు దగ్గర, ఓడ రేకులు అతికే చోట, డీజే బండి మీద పనిచేసేవాళ్ల చెవులకూ ఇదే లెక్క.

చట్టంలో ఉంది, షెడ్డులో లేదు

మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో, తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో ఈ చెవుడు దశాబ్దాల క్రితమే చేరింది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ జాబితాలోనూ ఉంది. గుర్తించిన డాక్టరు అధికారులకు నివేదిక పంపాలి. ఈఎస్ఐ చట్టమూ, ఉద్యోగుల నష్టపరిహార చట్టమూ దీన్ని వృత్తి వ్యాధిగా ఒప్పుకున్నాయి. పరిహారానికి దారి ఉంది.

కానీ మన ఫ్యాక్టరీ నిబంధనలు 8 గంటల పనికి 90 డెసిబెల్స్ దాకా అనుమతిస్తూ వచ్చాయి. నియోష్ సిఫారసు కన్నా ఇది 5 డెసిబెల్స్ ఎక్కువ. అంటే మూడు రెట్లకు పైగా శబ్దశక్తి. ఇంకో సంగతి, కరెంటుతో నడిచే చోట 10 మంది పనివాళ్లుంటేనే పాత చట్టం దాన్ని ఫ్యాక్టరీ అనేది. కొత్త కోడ్ ఆ సంఖ్యను 20 చేసింది. నలుగురైదుగురు నడిపే సాంచాల షెడ్డు ఈ గీతకు కింద ఉండిపోతుంది. మోత మాత్రం పెద్ద మిల్లులో ఎంతో చిన్న షెడ్డులోనూ అంతే.

ఏం చేయాలి?

మొదట చప్పుడును పుట్టినచోటే తగ్గించాలి. షటిల్‌ను కొట్టే పికర్లు అరిగినా, బోల్టులు వదులైనా మోత పెరుగుతుంది. వాటిని మార్చడం, బిగించడం, మగ్గం కాళ్ల కింద రబ్బరు దిండ్లు వేయడం, రేకుల కింద చప్పుడును పీల్చే పలకలు కట్టడం అసాధ్యమేమీ కాదు. షటిల్ లేని రేపియర్ మగ్గాల్లో ఆ ఢీకొట్టే దెబ్బ ఉండదు. ప్రభుత్వ సాయంతో మగ్గాలను ఆధునికీకరించేటప్పుడు ఉత్పత్తితో పాటు ఎంత మోత చేస్తుందో కూడా కొలిచి కొనాలి. కొత్త మగ్గం అనగానే చప్పుడు తక్కువని అనుకోకూడదు.

రెండోది చెవి ప్లగ్గులు. దూది పెట్టుకుంటే చాలనుకునేవాళ్లు చాలామంది. దూది ఈ మోతను ఆపలేదు. మెత్తటి ఫోమ్ ప్లగ్గు జత చాలా చౌక. పెట్టుకునే పద్ధతి తెలియాలి. శుభ్రమైన వేళ్లతో ప్లగ్గును సన్నగా చుట్టాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగాలి. ప్లగ్గును లోపలికి తోసి, అది ఉబ్బి సర్దుకునేదాకా అర నిమిషం వేలితో ఆపాలి. సగం బయటికి కనపడుతుంటే సరిగా కూర్చోలేదని అర్థం. మోతలో ఉన్నంతసేపూ తీయకూడదు. 30 డెసిబెల్స్ తగ్గించే ప్లగ్గును 8 గంటల్లో ఒక్క అరగంట తీసేస్తే, మొత్తం మీద మిగిలే రక్షణ 12 డెసిబెల్స్ మాత్రమే.

ప్లగ్గులు పెట్టుకుంటే సాంచాలో తేడా వినపడదని కార్మికులు అంటారు. అది న్యాయమైన భయమే. కానీ ప్లగ్గు హోరునూ, వినవలసిన చప్పుడునూ కలిపే తగ్గిస్తుంది. వినికిడి బాగున్నవాళ్లకు అంత మోతలో తేడాలు ఇంకా తేటగా తెలుస్తాయి. అప్పటికే వినికిడి కొంత పోయినవాళ్లకు అన్ని స్వరాలనూ సమంగా తగ్గించే రకం ప్లగ్గులు దొరుకుతాయి.

మూడోది పరీక్ష. పనిలో చేరేటప్పుడు ఒకసారి, తర్వాత ఏటా ఒకసారి వినికిడి పరీక్ష జరగాలి. 3,000, 4,000, 6,000 హెర్ట్జ్ దగ్గర తప్పకుండా కొలవాలి. మోతలో పనిచేసి నేరుగా వస్తే ఫలితం తప్పుతుంది. కనీసం 14 గంటలు చెవికి విశ్రాంతి ఉండాలి. మీ పనిచోటు ప్రమాదకరమో కాదో తెలుసుకోవడానికి యంత్రం లేకున్నా ఒక గుర్తు ఉంది. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తోందంటే మోత 85 డెసిబెల్స్ దాటి ఉంటుంది.

చివరగా రెండు విన్నపాలు. చెవి సరిగా వినపడటం లేదని వచ్చిన ప్రతి మనిషినీ డాక్టర్లు రామజ్జీని ప్రశ్న అడగండి: ఏం పని చేస్తారు, ఎన్నేళ్లుగా? జవాబులో మగ్గమో, క్రషరో, డ్రిల్లో ఉంటే వయసు అని రాయకండి, వృత్తి వ్యాధి అని రాయండి. అది రాస్తేనే లెక్కలోకి వస్తుంది, లెక్కలోకి వస్తేనే పరిహారమూ నివారణా కదులుతాయి. యజమానులు, వాళ్ల కింద సాంచాలు నడిపించే ఆసాములు, సంఘాల పెద్దలు ఈ ఏడాది కొత్తగా పనిలోకి వచ్చే కుర్రాడికి మొదటి రోజే ప్లగ్గులు ఇచ్చి, పెట్టుకోవడం నేర్పండి. పాతికేళ్లు పనిచేసిన పెద్దాయన చెవిని మనం తిరిగి ఇవ్వలేం. ఆ కుర్రాడి చెవిని కాపాడడం పూర్తిగా మన చేతిలో ఉన్న పని.